ఎర్ర బటన్ వెనక రెండు తీగలు

పడవల్లో వాడే వీహెచ్‌ఎఫ్ రేడియోని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? కారు స్టీరియో అంత డబ్బా. వాల్యూమ్‌కో పిడి, ఛానెల్ మార్చడానికో పిడి, చుట్టలు తిరిగిన తీగతో ఒక మైకు. వీటన్నిటి పక్కన చిన్న మూత, ఆ మూత కింద ఎర్ర బటన్. ఆపదొచ్చినప్పుడు మూతెత్తి ఆ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలు, కోస్ట్ గార్డ్ వాళ్ళు వెతుక్కుంటూ వచ్చేస్తారని పడవ కొన్నవాళ్ళ నమ్మకం. అమ్మేవాడూ ఇంచుమించు అలాగే చెప్తాడు.

అమ్మేవాడు చెప్పని సంగతి ఒకటుంది. ఆ డబ్బా వెనక సన్నటి తీగలు నాలుగైదు ఊరికే వేలాడుతుంటాయి. వాటిల్లో రెండిటిని తీసుకెళ్ళి పడవలో ఉన్న జీపీఎస్‌కి కలపకపోతే, బటన్ నొక్కినప్పుడు రేడియో "ఆపదలో ఉన్నాం" అని మాత్రమే చెప్తుంది. ఎక్కడ ఉన్నామో చెప్పదు. దానికి తెలిస్తే కదా చెప్పడానికి!

నా గొడవంతా ఈ రెండు తీగల గురించే. వాటిని కలపడం కొన్నవాడి బాధ్యత అని వదిలేసి, ముందువైపు మాత్రం ఎర్ర బటన్ పెట్టి అమ్మడం నాకు మోసంలాగే కనిపిస్తుంది. తీగ కలపనివాడిని బద్ధకస్తుడు అనడం తేలిక. నా ఉద్దేశంలో ఆ తప్పు వాడిది కాదు, డిజైన్‌ది.

ముందు ఈ బటన్ ఏం చేస్తుందో చెప్తాను. పాత పద్ధతి ఏంటంటే, 16వ ఛానెల్ పెట్టి, మైకు పట్టుకుని, మూడుసార్లు "మేడే" అనాలి. తర్వాత పడవ పేరు, ఎక్కడున్నాం, ఏమయింది, ఎంతమందిమి ఉన్నాం, అన్నీ నోటితో చెప్పాలి. ఇంజన్ గదిలోకి నీళ్ళు వస్తూ, పిల్లలు ఏడుస్తూ, పడవ ఊగిపోతుంటే అక్షాంశ రేఖాంశాలు తప్పుల్లేకుండా చదవడం ఎంత కష్టమో ఊహించుకోండి. అవతలివాడికి ఆ గరగరలో "ఫిఫ్టీన్" అన్నారో "ఫిఫ్టీ" అన్నారో తెలియదు. మన క్లయింట్ కాల్స్‌లో వినబడకపోతే మళ్ళీ చెప్పమంటాం, సముద్రంలో మళ్ళీ చెప్పే అవకాశం ఉండకపోవచ్చు.

దీనికి విరుగుడుగా వచ్చిందే డిజిటల్ సెలెక్టివ్ కాలింగ్, పొట్టిగా డీఎస్‌సీ. 1999 ఫిబ్రవరి 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన ప్రపంచ సముద్ర ఆపద వ్యవస్థలో (జీఎండీఎస్‌ఎస్ అంటారు) ఇదొక భాగం. 70వ ఛానెల్‌ని మాటలకి వాడకూడదు, దాన్ని పూర్తిగా డేటా కోసమే ఉంచేశారు. బటన్ నొక్కితే రేడియో ఆ ఛానెల్‌లో సెకనుకి 1200 బిట్ల వేగంతో ఒక చిన్న సందేశం పంపుతుంది. అందులో పడవకి సంబంధించిన తొమ్మిదంకెల ఎంఎంఎస్‌ఐ నంబరు, ఆపద ఎలాంటిది, పడవ ఎక్కడుంది, ఆ స్థానం ఏ టైముకి తీసుకున్నది, ఇవన్నీ ఉంటాయి. మొత్తం కలిపి సెకను కూడా పట్టదు. అవతల్నుంచి జవాబు వచ్చేదాకా సుమారు నాలుగు నిమిషాలకోసారి తనంతట తనే మళ్ళీ పంపుతూ ఉంటుంది. మీరు మైకు వదిలేసి లైఫ్ జాకెట్లు తగిలించుకునే పనిలో ఉండొచ్చు. చుట్టుపక్కల పడవల్లో ఉన్న డీఎస్‌సీ రేడియోలన్నీ ఒక్కసారిగా మోగుతాయి. చాలా చక్కటి ప్రోటోకాల్. డిజైన్ చేసినవాళ్ళకి దణ్ణం పెట్టొచ్చు.

జీపీఎస్ కలపకపోతే ఏమవుతుంది? సందేశంలో స్థానానికి పది అంకెల గది ఉంది. రేడియోకి స్థానం తెలియకపోతే అందులో పది తొమ్మిదులు నింపి పంపేస్తుంది. టైము గదిలో నాలుగు ఎనిమిదులు. మన డేటాబేసుల్లో "తెలియదు" అనడానికి 9999 డిసెంబరు 31 అని తేదీ పెట్టేవాళ్ళని చూశాం కదా, అదే బాపతు :) కాకపోతే ఇక్కడ ఆ తొమ్మిదుల వెనక మనుషులుంటారు.

ఎప్పుడో అరుదుగా జరిగేది అనుకుంటున్నారా? అమెరికా కోస్ట్ గార్డ్ 2010లో ఒక భద్రతా హెచ్చరిక విడుదల చేసింది. తమకి వీహెచ్‌ఎఫ్ డీఎస్‌సీ మీద వస్తున్న ఆపద సందేశాల్లో సుమారు 90 శాతం వాటిల్లో స్థానం ఉండటం లేదనీ, సుమారు 60 శాతం వాటిల్లో రిజిస్టరైన గుర్తింపు కూడా లేదనీ అందులో రాశారు. నూటికి తొంభై! అప్పటికి అక్కడ కొత్త రేడియో మోడళ్ళకి డీఎస్‌సీ తప్పనిసరి అయ్యి పదకొండేళ్ళు. పదకొండేళ్ళు బటన్ అమ్మారు, తీగ మాత్రం కలవలేదు.

కోస్ట్ గార్డ్ టవర్ల వ్యవస్థని తీరం నుంచి 20 నాటికల్ మైళ్ళ దాకా వినబడేలా కట్టారు. ఒక టవర్ నుంచి సముద్రం వైపు అర్ధవృత్తం లెక్కేస్తే రెండువేల చదరపు కిలోమీటర్ల పైమాటే. పేరూ స్థానమూ లేని సందేశమంటే అంత నీళ్ళలో ఎక్కడో ఎవరో ఉన్నారని అర్థం. మైకులో మాట్లాడితే ఆ శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో కనిపెట్టే పరికరాలు వాళ్ళ దగ్గరున్నాయి, కాదనను. కానీ అది దిక్కు చెప్తుంది, చోటు చెప్పదు. పైగా మాట్లాడే స్థితిలో ఉంటేగా. పొరపాటున నొక్కిన బటన్లదీ ఇదే కథ. నంబరుంటే ఇంటికి ఫోన్ చేసి "బాబూ, బాగానే ఉన్నారా" అని కనుక్కోవచ్చు. ఏదీ లేకపోతే అది పొరపాటో ప్రాణాపాయమో తేల్చుకునే దారే లేదు.

ఇంతకీ జనం ఎందుకు కలపరు? ఈ ప్రశ్నకి జవాబు నాకు సియాటిల్‌లో దొరికింది. మా టీములో ఓ సీనియర్ ఉన్నారు, నేను అన్నగారూ అని పిలుస్తాను. రెండేళ్ళ క్రితం ఆయన సెకండ్‌హ్యాండులో 22 అడుగుల పడవ కొన్నారు. రేడియో ఒక కంపెనీది, మ్యాపు చూపించే జీపీఎస్ ఇంకో కంపెనీది. "సాఫ్ట్‌వేర్ వాడివి కదా తమ్ముడూ, రెండు తీగలు కలపలేవా?" అని శనివారం పొద్దున్నే లాక్కెళ్ళారు. ఇంట్లో మిక్సీ పాడైనా మనల్నే పిలిచే జాతి కదా మనది.

రెండు మాన్యువళ్ళు ముందేసుకుని కూర్చున్నాం. ఒకదాంట్లో "డేటా అవుట్" అని రాసుంది, రెండోదాంట్లో "లిజనర్ ఎ, లిజనర్ బి" అని. ఒకదాంట్లో నీలం తీగ అంటే డేటా బయటికి వెళ్ళేది, రెండోదాంట్లో నీలం అంటే వేరే ఏదో. జీపీఎస్ వైపు డేటాకి ఒక్కటే తీగ, దానికి జోడీ గ్రౌండు. రేడియో వైపు ప్లస్, మైనస్ రెండున్నాయి. మైనస్‌ని ఏం చెయ్యాలో రెండు మాన్యువళ్ళలోనూ లేదు. (జీపీఎస్ డేటా తీగ రేడియో ప్లస్‌కి, జీపీఎస్ గ్రౌండు రేడియో మైనస్‌కి. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మీ మాన్యువల్ వేరేలా చెప్తే దాని మాటే వినండి.)

కలిపాం. రేడియో తెర మీద అక్షాంశం ఉండాల్సిన చోట గీతలే. లాప్‌టాప్‌కి యూఎస్‌బీ-సీరియల్ తీగ పెట్టి, వేగం 4800 పెట్టి, జీపీఎస్ నుంచి ఏమొస్తోందో చూస్తే చదవడానికి వీల్లేని చెత్త. చివరికి తేలిందేంటంటే, ఆ జీపీఎస్ పోర్టుని ఫ్యాక్టరీలోనే కంపెనీ సొంత ప్రోటోకాల్‌లో పెట్టి పంపారు. మెనూలో నాలుగు మెట్లు దిగితే అక్కడ "ఎన్‌ఎంఈఏ" అని ఇంకో ఆప్షను. మార్చగానే సెకనుకోసారి $జీపీఆర్‌ఎంసీ అంటూ వరసలు దిగడం మొదలయ్యాయి. రేడియో తెర మీద గీతలు పోయి అంకెలొచ్చాయి. అన్నగారి మొహం చూడాలి.

మొత్తం మూడు గంటలు పట్టింది. ఇద్దరు ఇంజనీర్లు, ఒక లాప్‌టాప్, ఒక మల్టీమీటరు. ఇవేవీ లేని మామూలు మనిషి ఏం చేస్తాడు? గీతలు చూసి, రేడియోలో మాట వినబడుతోంది కదా, చాలనుకుని మూత బిగించేస్తాడు. నేనైతే వాడిని తప్పుపట్టను.

ఇక్కడ మనకి, అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళకి, తెలిసిన జబ్బు ఒకటి కనబడుతుంది. ఎన్‌ఎంఈఏ 0183 అనేది 1980ల నాటి ప్రమాణం. చాలా ముచ్చటైనది. మామూలు అక్షరాలతో వరస వస్తుంది, డాలరు గుర్తుతో మొదలై, కామాలతో విడిపోయి, చివర నక్షత్రం గుర్తూ, రెండంకెల చెక్‌సమ్ ఉంటాయి. డాలరుకీ నక్షత్రానికీ మధ్య ఉన్న అక్షరాలన్నిటినీ ఎక్స్-ఆర్ చేస్తే ఆ చెక్‌సమ్ వచ్చేస్తుంది. ఏ ఫ్రెషర్‌కిచ్చినా సాయంత్రానికి పార్సర్ రాసేస్తాడు. వరసలో ఏ గదిలో ఏముండాలో ప్రమాణం చెప్పింది. తీగలో వోల్టేజీ ఎంతుండాలో చెప్పింది. అన్నీ చెప్పి, పడవలో కూర్చున్న మనిషి చేతికొచ్చే తీగ ఏ రంగులో ఉండాలి, చివర ఏ ప్లగ్ ఉండాలి అన్నది ఏళ్ళ తరబడి కంపెనీలకే వదిలేశారు. ఒక్కో కంపెనీ ఒక్కో రంగు ఎంచుకుంది. రెండు మాడ్యూళ్ళూ యూనిట్ టెస్టులు పాసయ్యాయి, కలిపి చూసే బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు. ఇలాంటి ప్రాజెక్టులో పనిచెయ్యనివాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా?

అన్నట్టు ఈ వరసల్లో ఒక ఉచ్చు ఉంది, రాసేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. అక్షాంశం 1741.50 అని వస్తే అది 17.4150 డిగ్రీలు కాదు. 17 డిగ్రీల 41.50 నిమిషాలు, అంటే 17.6917 డిగ్రీలు. ఇది దాదాపు విశాఖ హార్బరు ఉన్న అక్షాంశం. దశాంశ బిందువు రెండు స్థానాలు జరిపేసి డిగ్రీలనుకుంటే, హార్బరులో ఉన్న పడవని దక్షిణంగా ముప్ఫై కిలోమీటర్ల అవతల సముద్రంలో చూపిస్తారు. జీపీఎస్ ట్రాకింగ్ అప్లికేషన్లు రాసేవాళ్ళు మొదటివారంలో చేసే బగ్ ఇదే. ఆఫీసులో అయితే టికెట్ పెట్టి మూసేస్తాం.

నా వాదనకి ఎదురు వాదన లేకపోలేదు. పడవలవాళ్ళు ఒకేసారి అన్నీ కొనరు, ఇరవయ్యేళ్ళ పాత రేడియోకి కొత్త జీపీఎస్ కలుపుకునే స్వేచ్ఛ ఉండబట్టే ఈ ప్రమాణం ఇన్నాళ్ళు బతికింది, ఒకే కంపెనీ ప్లగ్‌కి కట్టేస్తే జేబుకి చిల్లు అంటారు. ఇందులో నిజముంది. తీగ చేత్తో కలిపే వీలుండటం తప్పని నేననడం లేదు. తీగ కలపకపోయినా బటన్ పనిచేస్తున్నట్టే కనిపించడం తప్పంటున్నాను. చేత్తో స్థానం టైపు చేసుకోవచ్చు కదా అని ఇంకొందరంటారు. చేసుకోవచ్చు. అలా టైపు చేసిన స్థానం కొత్తది ఇవ్వకపోతే 23న్నర గంటల తర్వాతగానీ చెరిగిపోదు. గంటకి 20 నాటికల్ మైళ్ళు పోయే పడవలో పొద్దున్న టైపు చేసింది గంట తిరిగేసరికి 37 కిలోమీటర్లు వెనకబడుతుంది. తప్పుడు అడ్రసు ఇచ్చే బదులు అడ్రసు లేదని చెప్పడమే నయం.

ఎంఎంఎస్‌ఐ నంబరుదీ ఇలాంటి తలనొప్పే. రేడియోలో దాన్ని ఒకటి రెండుసార్లు మాత్రమే నమోదు చేసుకోనిస్తారు, ఆ తర్వాత మార్చాలంటే కంపెనీకి పంపాలి. సెకండ్‌హ్యాండు పడవల్లో పాత ఓనరు నంబరే ఉండిపోతుంది, ఆపదలో ఆయన ఇంటికి ఫోను వెళ్తుంది. సియాటిల్‌లో ఉండేవాళ్ళకి ఇంకో మెలిక. బోటింగ్ సంఘాల దగ్గర ఉచితంగా దొరికే నంబరు అమెరికా నీళ్ళకి సరిపోతుంది కానీ ఆ వివరాలు అంతర్జాతీయ జాబితాలోకి వెళ్ళవు. కెనడా వైపు దాటేవాళ్ళు ఎఫ్‌సీసీ లైసెన్సుతో నంబరు తీసుకోవాల్సిందే.

ఇప్పుడొచ్చే చాలా రేడియోల్లో జీపీఎస్‌ని డబ్బాలోనే పెట్టేస్తున్నారు. చివరికి అదే సరైన జవాబు. చిప్పు ధర పడిపోయింది కాబట్టి సాధ్యమైంది, నిజమే. కానీ పాత రేడియోలు త్వరగా చావవు. మన బ్యాంకుల్లో కోబాల్ ఎలా బతుకుతోందో పడవల్లో అవీ అలాగే బతుకుతాయి.

ఇదంతా అమెరికాలో డబ్బున్నవాళ్ళ షోకు పడవల గోల అని కొట్టిపారెయ్యకండి. మన విశాఖలోనూ కాకినాడలోనూ రేవు నుంచి రోజుల తరబడి వేటకెళ్ళే మరపడవలున్నాయి. వాటిల్లో వీహెచ్‌ఎఫ్ రేడియో, జీపీఎస్ కొత్త వస్తువులేం కావు. అక్కడ పడవ షోకు కాదు, కూడు.

ఈ విషయంలో మనవాళ్ళు ఒక మంచి పని చేశారు. ఇస్రో జాలర్ల కోసం తయారుచేసిన ఆపద హెచ్చరిక ట్రాన్స్‌మిటర్ (డాట్) 2010 నుంచి వాడకంలో ఉంది. అందులో జీపీఎస్, పంపే రేడియో, బటన్ అన్నీ ఒకే డబ్బాలో. కలపాల్సిన తీగ లేదు. సందేశం ఉపగ్రహం ద్వారా కేంద్ర కంట్రోల్ స్టేషన్‌కీ, అక్కణ్ణుంచి కోస్ట్ గార్డ్ సమన్వయ కేంద్రానికీ వెళ్తుంది. ఇరవైవేలకి పైగా డబ్బాలు వాడుకలోకి వచ్చాయి. దానికున్న లోటల్లా, బటన్ నొక్కినవాడికి తన మొర ఎవరికైనా అందిందో లేదో తెలియకపోవడం. 2024 జనవరిలో వచ్చిన రెండోతరం డాట్‌లో ఆ జవాబు వెనక్కి వస్తుంది. నడిసముద్రంలో ఉన్నవాడికి "అందింది" అన్న ఒక్క ముక్క ఎంత ధైర్యమో చెప్పక్కర్లేదు. మధ్యలో హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ వాళ్ళ జెమిని పరికరం కూడా వచ్చింది, 2019లో. 2017 నవంబరు చివర్లో ఓఖీ తుఫాను వచ్చినప్పుడు నడిసముద్రంలో ఉన్న కేరళ, కన్యాకుమారి జాలర్లకి కబురందే దారి లేక ఎందరో పోయారు, ఆ లోటు తీర్చే ప్రయత్నం అది. హెచ్చరికలు అందుకోగలదు, తిరిగి పిలవలేదు. 2024 ఆగస్టులో కేంద్రం లక్ష చేపల పడవలకి రెండువైపులా కబురు నడిచే ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం మొదలుపెట్టింది.

ఉపగ్రహం ఉండగా ఇంకా ఆ పాత రేడియో, ఆ తీగలు ఎందుకు అని అడిగేవాళ్ళున్నారు. నాకైతే ఆ వాదన నచ్చదు. డాట్ బటన్ నొక్కితే కబురు ఆకాశానికెక్కి, కంట్రోల్ స్టేషన్‌లో దిగి, కోస్ట్ గార్డ్‌కి చేరి, అక్కణ్ణుంచి ఓడో హెలికాప్టరో బయల్దేరాలి. మునుగుతున్న పడవకి అయిదు కిలోమీటర్ల దూరంలో వల వేసుకుంటున్న పడవకి మాత్రం ఆ కబురు నేరుగా తెలియదు. సముద్రంలో ముందుగా చెయ్యందించేది సాధారణంగా పక్క పడవవాడే. వాడిని లేపేది 70వ ఛానెల్. రెండు పడవల మధ్య పది పదిహేను కిలోమీటర్ల లోపు వీహెచ్‌ఎఫ్ బాగానే అందుతుంది. ఆ పడవలోనూ డీఎస్‌సీ రేడియో ఉండి, మనవైపు తీగ కలిపి ఉంటే, అది మోగడమే కాక మన చోటు కూడా తెర మీద చూపిస్తుంది. దీనికి పడవకి ఎంఎంఎస్‌ఐ నంబరు కావాలి (మన దేశానివి 419తో మొదలవుతాయి), రేడియోలో డీఎస్‌సీ ఉండాలి, ఆ రెండు తీగలు కలవాలి. సబ్సిడీ మీద పరికరం ఇచ్చి ఫోటో తీయించుకునే చోట, ఎవరో ఒకరు పడవెక్కి, తీగ కలిపి, తెర మీద అంకెలొచ్చాయని చూసి దిగే పని కూడా అదే పథకంలో ఉండాలని నా అభిప్రాయం. ఐటీఐ చదివిన కుర్రాళ్ళు ప్రతి రేవులోనూ దొరుకుతారు. ఒక్కో పడవకి గంట పని. తీగ అతుకులకి ఉప్పుగాలి తగలకుండా మంచి తొడుగేస్తే ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

అమెరికాలో పడవున్న మనవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు, ఫేస్‌బుక్ ఫోటోలు చూస్తూనే ఉన్నాం :) వాళ్ళకి రెండు మాటలు. పరీక్ష కోసమని ఎర్ర బటన్ ఎప్పుడూ నొక్కకండి, అది నేరం. రేడియో మెనూలో "టెస్ట్ కాల్" అని ఉంటుంది, దాంట్లో 003669999 అన్న నంబరిచ్చి పంపితే, పరిధిలో ఉంటే, కోస్ట్ గార్డ్ యంత్రం తనే జవాబిస్తుంది. దానికన్నా ముందు రేడియో తెర చూడండి. అక్షాంశ రేఖాంశాలు కనబడుతూ, పడవ కదిలినప్పుడు చివరి అంకెలు మారుతుంటే సరే. గీతలే కనబడుతుంటే ఆ శనివారం పీతల వేట మానుకుని, డాష్‌బోర్డు విప్పి, వెనక వేలాడే తీగల రంగులు ఓ కాగితం మీద రాసుకోండి. మాన్యువల్ పోయుంటే కంపెనీ సైట్లో దొరుకుతుంది.